శ్రీలంక కరవు: వాన లెక్కలకు అందనిది నేల తేమ చెబుతుంది

2017 మే చివరి వారంలో శ్రీలంక నైరుతి ప్రాంతాన్ని వరదలు ముంచెత్తాయి. రత్నపుర, కలుతర, గాలే, మాతర జిల్లాల్లో కొండచరియలు విరిగిపడ్డాయి. 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అదే సమయంలో ద్వీపం ఉత్తర, తూర్పు జిల్లాల్లో చెరువులు అడుగంటి, గ్రామాలకు ట్యాంకర్లతో తాగునీరు పంపవలసి వచ్చింది. ఆ ఏడాది శ్రీలంకను పీడించిన కరవు గత 40 సంవత్సరాల్లో అత్యంత తీవ్రమైనదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పేర్కొంది.

కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఒకవైపు వరద, మరోవైపు కరవు ఉన్నప్పుడు దేశ సగటు వర్షపాతం అనే అంకెకు అర్థం ఉండదు. పైరుకు, పశువుకు, బావికి అందే నీటి సంగతి తెలియాలంటే ఆకాశం నుంచి ఎంత కురిసిందన్న దానితో పాటు నేలలో ఎంత నిలిచిందన్నది కూడా కొలవాలి. అందుకే గత రెండు దశాబ్దాలుగా కరవు పరిశీలనలో నేల తేమకు ప్రాధాన్యం పెరిగింది. ద్వీపాల్లో ఈ కొలత ఎంత అవసరమో అంత క్లిష్టం కూడా. శ్రీలంక అందుకు స్పష్టమైన ఉదాహరణ.

రెండు రుతుపవనాలు, రెండు పంటకాలాలు

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. మధ్యలో ఎత్తైన కొండలు ఉన్నాయి. వాటిలో అత్యున్నత శిఖరం పిదురుతలగల ఎత్తు 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరుతి రుతుపవనం ఈ కొండల పడమటి వాలుపై భారీగా కురుస్తుంది. తూర్పు, ఉత్తర మైదానాలు వర్షచ్ఛాయలో ఉండిపోతాయి. ఆ మైదానాలకు ప్రధాన ఆధారం అక్టోబరు, నవంబరు నెలల సంధికాల వానలు, ఆ తర్వాత ఫిబ్రవరి వరకు సాగే ఈశాన్య రుతుపవనం.

ఫలితంగా ద్వీపం మూడు మండలాలుగా విడిపోయింది. ఏటా 2,500 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడే ప్రాంతం తడి మండలం. 1,750 మిల్లీమీటర్ల లోపు పడేది పొడి మండలం. ఈ రెంటి నడుమ ఉన్నది మధ్యంతర మండలం. అతి తక్కువ వాన పడే ఆగ్నేయ, వాయవ్య తీరాల్లో సాలీనా 900 మిల్లీమీటర్లు కూడా నమోదు కాదు. పడమటి కొండవాలుల్లో కొన్నిచోట్ల 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. పొడి మండలం దేశంలో దాదాపు మూడింట రెండు వంతులు ఆక్రమించింది. వరి సాగులో అధిక భాగం ఇక్కడే.

సాగు కూడా ఈ వానల వెంటే నడుస్తుంది. ఈశాన్య వానలతో వచ్చే ప్రధాన పంటకాలాన్ని సింహళంలో ‘మహా’ అంటారు. నైరుతి కాలపు చిన్న పంటకాలం ‘యల’. తమిళం మాట్లాడే ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో వీటినే కాలపోగం, సిరుపోగం అని పిలుస్తారు. పొడి మండలంలో మహా దెబ్బతింటే యలకు చెరువుల్లో నీరు మిగలదు. ఒక పంటకాలపు లోటు రెండో పంటకాలాన్నీ కబళిస్తుంది.

భారత్‌లో స్థిరపడిన ఒక అంచనా ఇక్కడ పనిచేయదు. ఎల్‌నినో ఏర్పడితే భారత్‌లో నైరుతి రుతుపవనం బలహీనపడే అవకాశం ఎక్కువ. శ్రీలంకలో మాత్రం ఎల్‌నినో సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు పెరిగే ధోరణి కనిపిస్తుంది. కనుక పొరుగు దేశపు కరవు హెచ్చరికను యథాతథంగా తెచ్చుకోవడానికి వీల్లేదు. ద్వీపం తన నేలను తానే చూసుకోవాలి.

వాన లెక్క ఎక్కడ తప్పుతుంది

ఒక నెలలో 120 మిల్లీమీటర్ల వర్షం పడిందనుకుందాం. వారానికి 30 మిల్లీమీటర్ల చొప్పున నాలుగు వారాలు కురిస్తే మెట్ట పైరు హాయిగా నిలుస్తుంది. అదే 120 మిల్లీమీటర్లు తొలి రెండు రోజుల్లో కురిసి తర్వాత నాలుగు వారాలు చినుకు పడకపోతే, అందులో చాలా భాగం వాగుల్లోకి పోతుంది. మిగిలిన తేమ ఎండకు ఆరిపోతుంది. వర్షమాపకంలో రెండు నెలలూ సమానమే. పొలంలో ఒకటి పంట, రెండోది బెట్ట.

నేలను నీటి ఖాతాగా ఊహిస్తే విషయం తేలికవుతుంది. భారీ వాన తర్వాత అదనపు నీరు కిందికి జారిపోగా నేల పట్టి ఉంచగలిగిన గరిష్ఠ తేమను క్షేత్ర ధారణ స్థాయి అంటారు. వేర్లు ఎంత లాగినా నీరు రాని స్థితి శాశ్వత వాడు స్థాయి. ఈ రెండు హద్దుల నడుమ ఉన్న నీరే మొక్కకు అందేది.

ఉదాహరణకు, మీటరు లోతున 100 మిల్లీమీటర్ల నీటిని మొక్కకు అందించగల నేలలో మొక్కజొన్న వేర్లు 60 సెంటీమీటర్లు దిగాయనుకుందాం. ఆ పైరు ఖాతాలో ఉన్నది 60 మిల్లీమీటర్లు. ఎండ, గాలి, ఆకుల ద్వారా రోజుకు 5 మిల్లీమీటర్లు ఖర్చయితే ఆ ఖాతా 12 రోజులకు మించి సరిపోదు. కానీ దాదాపు సగం నీరు ఖర్చయ్యేసరికే మొక్క బెట్టకు లోనవడం మొదలవుతుంది. అంటే ఆరేడు రోజుల్లోనే ఎదుగుదల కుంటుపడుతుంది. పూత దశలో ఇలా జరిగితే తర్వాత ఎంత వాన పడినా గింజ నష్టం పూడదు. నెలవారీ వర్షపాత నివేదిక వెలువడేనాటికి నిర్ణయం తీసుకునే సమయం దాటిపోతుంది.

ఒకే అంకె, రెండు అర్థాలు

నేల తేమను సాధారణంగా ఘనపరిమాణంలో శాతంగా చెబుతారు. ఈ శాతాన్ని నేల స్వభావం తెలియకుండా చదవకూడదు. పుత్తళం జిల్లా కల్పిటియ ద్వీపకల్పంలోని ఇసుక నేలల్లో 20 శాతం తేమ అంటే పుష్కలం. మన్నారు జిల్లా మురుంకన్ పరిసరాల్లోని నల్లని బంకమట్టిలో అదే 20 శాతం ఉంటే పైరు వడలిపోతుంది. బంకమట్టి నీటిని అంత గట్టిగా పట్టి ఉంచుతుంది.

పొడి మండలంలో విస్తారంగా కనిపించేవి ఎర్రగోధుమ రంగు నేలలు. తడిస్తే జిగటగా మారతాయి, ఎండితే గట్టిపడతాయి. దుక్కికి అనువైన పదును కొద్ది రోజులే ఉంటుంది. తెలంగాణ చెలకల్లో, రాయలసీమ ఎర్రనేలల్లో తొలకరి తర్వాత రైతు పదును కోసం పడే ఆరాటం అక్కడి రైతుకూ పరిచితమే.

అందువల్ల శాస్త్రజ్ఞులు ముడి శాతాన్ని అలాగే వాడరు. వాడు స్థాయిని సున్నాగా, క్షేత్ర ధారణ స్థాయిని 100గా తీసుకుని, అందుబాటులోని తేమ ఎంత మిగిలిందో లెక్కిస్తారు. అప్పుడే ఇసుక నేలను, బంకనేలను ఒకే పటంపై పోల్చడం సాధ్యమవుతుంది.

నేలపై, ఆకాశం నుంచి కొలతలు

అత్యంత నమ్మకమైన పద్ధతి పాతది. పొలం నుంచి తీసిన మట్టిని తూచి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఓవెన్‌లో ఒక రోజు ఆరబెట్టి, మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే తేమ. ఇప్పుడు నేలలో పాతిపెట్టే విద్యుత్ సెన్సర్లు ఇదే సమాచారాన్ని నిరంతరం పంపుతున్నాయి. అయితే ఒక సెన్సర్ తన చుట్టూ ఉన్న కొద్దిపాటి మట్టినే చూస్తుంది. దేశమంతా తెలియాలంటే ఉపగ్రహాలు తప్పనిసరి.

ఉపగ్రహ కొలతకు ఆధారం నీటి విద్యుత్ స్వభావం. పొడి మట్టి డైఎలక్ట్రిక్ స్థిరాంకం సుమారు 3 నుంచి 4. నీటిది దాదాపు 80. నేలలో నీరు పెరిగేకొద్దీ అది వెలువరించే, ప్రతిఫలించే సూక్ష్మతరంగాలు స్పష్టంగా మారతాయి. ఈ తరంగాలు మేఘాలను దాటి వస్తాయి. రాత్రి, పగలు తేడా లేదు. రుతుపవన కాలంలో వారాల తరబడి మబ్బులు కమ్మే ద్వీపానికి ఇది పెద్ద అనుకూలత.

ఐరోపా అంతరిక్ష సంస్థ 2009 నవంబరులో ప్రయోగించిన ‘స్మోస్’, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2015 జనవరి 31న ప్రయోగించిన ‘స్మాప్’ ఈ పనికే ఉద్దేశించిన ఉపగ్రహాలు. స్మాప్ రెండు మూడు రోజులకోసారి భూగోళాన్ని చుట్టి చూస్తుంది. వాతావరణ ఉపగ్రహాలైన ‘మెటాప్’ శ్రేణిలోని రాడార్ పరికరం మరో ఆధారం. వేర్వేరు ఉపగ్రహాల కొలతలను కలిపి ఐరోపా అంతరిక్ష సంస్థ 1978 నుంచి మొదలయ్యే దీర్ఘకాల నేల తేమ రికార్డును సిద్ధం చేసింది. ఒక ఏడాది అసాధారణంగా పొడిగా ఉందో లేదో చెప్పడానికి ఈ పాత రికార్డే గీటురాయి.

ఈ ఉపగ్రహాలకు ఒక పరిమితి ఉంది. అవి చూసేది నేల పైపొరలో సుమారు 5 సెంటీమీటర్ల లోతు వరకే. పైరు వేర్లు అంతకంటే కిందికి పోతాయి. పైపొర ఒక్క జల్లుకే తడిసి రెండు రోజుల ఎండకే ఆరుతుంది. అందువల్ల ఉపగ్రహ కొలతను వర్షపాతం, ఉష్ణోగ్రత, నేల రకం వివరాలతో కలిపి కంప్యూటర్ నమూనాల ద్వారా వేరు మండలపు తేమను అంచనా వేస్తారు. స్మాప్ సమాచారంతో నాసా మీటరు లోతు వరకు ఇలాంటి అంచనాలను 9 కిలోమీటర్ల గడులతో వెలువరిస్తోంది. ఇది నేరుగా కొలిచినది కాదని, లెక్కగట్టినదని వాడేవారు గుర్తుంచుకోవాలి.

ద్వీపానికి ప్రత్యేకమైన చిక్కు

స్మాప్ రేడియోమీటరు ఒక్కో చూపులో దాదాపు 36 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల గడిని చూస్తుంది. దాని విస్తీర్ణం సుమారు 1,300 చదరపు కిలోమీటర్లు. ఖండాంతర మైదానాల్లో ఇది ఇబ్బంది కాదు. జాఫ్నా జిల్లా మొత్తం విస్తీర్ణమే వెయ్యి చదరపు కిలోమీటర్లకు అటూఇటూ. ఒక్క గడిలో ఆ జిల్లా, దాని ఉప్పునీటి కయ్యలు, చుట్టూ ఉన్న సముద్రం అన్నీ కలిసిపోతాయి.

సూక్ష్మతరంగాల దృష్టిలో సముద్రపు నీరు, బాగా తడిసిన నేల ఒకేలా కనిపిస్తాయి. గడిలో కొంత భాగం సముద్రం ఉంటే, ఎండిన తీరగ్రామం కూడా తేమగా ఉన్నట్లు నమోదయ్యే ప్రమాదం ఉంది. దీన్ని సవరించే గణిత పద్ధతులు ఉన్నాయి. సవరణకు లొంగని తీరపు గడులను పక్కన పెట్టేస్తారు. విశాల దేశానికి అంచు గడులు పోయినా నష్టం స్వల్పం. ద్వీపానికి అంచులే ఎక్కువ. శ్రీలంకలో అతి తక్కువ వాన పడేది కూడా మన్నారు, పుత్తళం, హంబన్‌తోట వంటి తీర ప్రాంతాల్లోనే. కరవు ముప్పు ఎక్కువగా ఉన్నచోటే ఉపగ్రహం చూపు మసకబారుతోంది.

లోపలి ప్రాంతంలోనూ చిక్కులు లేకపోలేదు. పొడి మండలంలో పది వేలకు పైగా చిన్న చెరువులు ఉన్నాయి. గడిలో చెరువు నీరు, నిండుగా నీరు పెట్టిన వరిమడులు కలిసినప్పుడు సగటు తేమ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మడుల పక్కనే మెట్ట చేను ఎండిపోతున్న సంగతి మరుగున పడుతుంది. మధ్య కొండల్లో వాలు, దట్టమైన అడవి కొలతను తారుమారు చేస్తాయి.

సూక్ష్మంగా చూడగల రాడార్ ఇందుకు పరిష్కారం. స్మాప్‌లో అలాంటి రాడార్‌ను అమర్చినా 2015 జులై 7న, ప్రయోగించి ఆరు నెలలు తిరగకముందే అది పనిచేయడం మానేసింది. ఆ లోటును పూడ్చడానికి ఐరోపా ‘సెంటినెల్-1’ రాడార్ చిత్రాలను స్మాప్ కొలతలతో జోడించి 3 కిలోమీటర్ల స్పష్టత గల పటాలను తయారుచేశారు.

తేమను కరవు సూచికగా మార్చడం

నేల పొడిగా ఉన్నంత మాత్రాన కరవు కాదు. పొడి మండలంలో ఆగస్టులో నేల ఎండి ఉండటం సహజం. నవంబరులో అదే స్థితి ఆపద. కనుక ఒక వారపు తేమను, గత 20, 30 సంవత్సరాల్లో అదే వారంలో నమోదైన తేమలతో పోల్చి స్థానం నిర్ణయిస్తారు. దీన్నే పర్సెంటైల్ అంటారు. 20వ పర్సెంటైల్ అంటే, ఇంత పొడిగా లేదా ఇంతకంటే పొడిగా ఉండటం పదేళ్లలో సుమారు రెండేళ్లు మాత్రమే జరుగుతుందని అర్థం.

అమెరికా కరవు పర్యవేక్షణ పటం ఈ పద్ధతిలో ఐదు మెట్లను పాటిస్తుంది. 30వ పర్సెంటైల్ దిగువన అసాధారణ పొడి స్థితి. 20 దిగువన మోస్తరు కరవు, 10 దిగువన తీవ్ర కరవు. 5, 2 దిగువన ఉన్నవి అంతకు మించిన దశలు.

స్థాయితో పాటు వేగాన్నీ గమనిస్తారు. వేరు మండలపు తేమ 40వ పర్సెంటైల్ పైనుంచి మూడు నాలుగు వారాల్లోనే 20 దిగువకు పడిపోతే దాన్ని మెరుపు కరవుగా పరిగణిస్తారు. ఇది నెలవారీ వర్షపాత సూచికల్లో ఆలస్యంగా కనిపిస్తుంది. నేల తేమలో ముందుగా బయటపడుతుంది. ఆకులు పసుపు బారడాన్ని పసిగట్టే వృక్ష సూచికల కంటే కూడా ఇది ముందే. ఆకు వడలకముందే నేల ఆరుతుంది కనుక.

ప్రధాన కార్యాలయం శ్రీలంకలోనే ఉన్న అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ 2014లో దక్షిణాసియా కరవు పర్యవేక్షణ వ్యవస్థను ప్రారంభించింది. వృక్షసంపద, ఉష్ణోగ్రత, వర్షపాతం వంటి అంశాలను కలిపి కరవు తీవ్రతను పటాలుగా చూపడం దీని ఉద్దేశం. ఏ ఒక్క సూచికా సంపూర్ణం కాదు. నేల తేమ ముందుగా హెచ్చరిస్తే, వృక్ష సూచిక ఆ హెచ్చరిక నిజమైందో లేదో నిర్ధారిస్తుంది.

ఎవరు ఎంతగా గురవుతున్నారు

తేమ పటంలో ఎర్రరంగు వేసిన ప్రాంతమంతా ఒకే తీరుగా నష్టపోదు. తేమ తగ్గడం ముప్పు. ఆ ముప్పు ఎదుట ఎవరు, ఏ పైరుతో, ఏ నీటి ఆధారంతో నిలిచి ఉన్నారన్నది తేల్చేది మరో లెక్క. ఆ లెక్క కోసం తేమ పటంపై సాగు విస్తీర్ణం, చెరువుల ఆయకట్టు, జనాభా, జీవనాధారాల పటాలను పరుస్తారు.

అన్నింటికంటే ముందు దెబ్బ తగిలేది ‘హేన’ రైతుకు. అడవి అంచున వాన మీదే ఆధారపడి రాగులు, నువ్వులు, పెసలు, మొక్కజొన్న పండించే పోడు తరహా సాగు ఇది. ఇక్కడ నేల తేమే మొత్తం నీటి నిల్వ. అది ఖర్చయితే మరో దారి లేదు. మొనరాగల, అనురాధపురం, అంపార, బదుల్లా జిల్లాల మొక్కజొన్న రైతులు చాలావరకు ఈ కోవకు చెందినవారే.

రెండోది చిన్న చెరువు కింది రైతు. పొడి మండలపు చెరువులు ఒకదాని అలుగు నీరు మరొకదానిలోకి చేరే గొలుసుకట్టు పద్ధతిలో నిర్మితమయ్యాయి. కాకతీయుల నాటి చెరువులను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ అమరిక కొత్త కాదు. శ్రీలంక గొలుసుకట్టు చెరువులను ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వ వ్యవస్థగా గుర్తించింది. ఇక్కడ మరో సూక్ష్మం ఉంది. పరీవాహక ప్రాంతపు నేల ముందుగా తడిసి నిండితేనే ఆ తర్వాతి వాన చెరువులోకి పారుతుంది. నేల పొడిగా ఉన్నంతకాలం తొలి వానలను అదే తాగేస్తుంది. కాబట్టి నేల తేమ చెరువు నిండే అవకాశాన్ని కూడా ముందుగా సూచిస్తుంది.

మూడోది మహావేలి వంటి పెద్ద ప్రాజెక్టుల ఆయకట్టు రైతు. కొండల్లో పడిన వాన జలాశయాల ద్వారా అతనికి చేరుతుంది. తన పొలంపై వాన పడకపోయినా ఒక పంటకాలం నెగ్గుకు రాగలడు. నాలుగోది జాఫ్నా రైతు. అక్కడ చెప్పుకోదగ్గ నది లేదు. సున్నపురాయి పొరల్లోని భూగర్భ జలమే దిక్కు. వాన తగ్గి తోడకం పెరిగితే బావుల్లోకి ఉప్పునీరు చొరబడుతుంది. నేల తేమ లోటు ఎక్కువైన కొద్దీ తడుల సంఖ్య పెరుగుతుంది. తడులు పెరిగిన కొద్దీ బావి ఉప్పబారుతుంది.

ఏ పటంలోనూ సులువుగా కనిపించనివారు వ్యవసాయ కూలీలు. నాటు పడకపోతే వారికి ఆ పంటకాలపు కూలి లేదు. సొంత భూమి లేనందువల్ల పంట నష్టం జాబితాల్లోనూ వారి పేర్లు ఉండవు.

2016–17 చెప్పిన పాఠం

2016 చివర ఈశాన్య కాలపు వానలు ముఖం చాటేశాయి. పాక్ జలసంధికి ఇవతల తమిళనాడులోనూ ఆ ఏడాది ఈశాన్య రుతుపవనం 62 శాతం లోటుతో ముగిసింది. శ్రీలంక పొడి మండలంలో మహా సాగు కుదించుకుపోయింది. చెరువులు నిండకపోవడంతో 2017 యల కూడా చేజారింది.

ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం కలిసి 2017 జూన్‌లో విడుదల చేసిన నివేదిక ఆ ఏడాది వరి ధాన్యం ఉత్పత్తిని 27 లక్షల టన్నులుగా అంచనా వేసింది. అంతకు ముందు ఏడాది కంటే ఇది దాదాపు 40 శాతం, గత ఐదేళ్ల సగటు కంటే 35 శాతం తక్కువ. 9 లక్షల మందికి పైగా ప్రజలు ఆహార అభద్రతలో ఉన్నారని ఆ నివేదిక తెలిపింది.

ఇందులో గమనించవలసింది కాలక్రమం. వాన లోటు మొదలైంది 2016 అక్టోబరులో. నష్టం పూర్తి లెక్క తేలింది 2017 జూన్‌లో. నడుమ ఎనిమిది నెలలు గడిచాయి. నష్టాన్ని లెక్కించడానికి అంత సమయం పట్టడం సహజమే. కానీ నష్టాన్ని తగ్గించే నిర్ణయాలకు ఉన్న గడువు తొలి ఆరు నుంచి ఎనిమిది వారాలే. నేల తేమ పరిశీలన విలువ ఆ గడువులో ఉంది.

సమాచారం పొలానికి చేరే దారి

శ్రీలంకలో ప్రతి పంటకాలం ఆరంభంలో ‘కన్న’ సమావేశం జరుగుతుంది. ఆయకట్టు రైతులు, అధికారులు కలిసి కూర్చుని ఎంత విస్తీర్ణంలో సాగు చేయాలి, తూము ఎప్పుడు తెరవాలి, ఏ కాలపరిమితి గల వంగడం వేయాలి అన్నవి తీర్మానిస్తారు. చెరువులో నీరు చాలదని తేలితే ‘బెత్మ’ అనే పాత ఆచారం అమల్లోకి వస్తుంది. చెరువుకు దగ్గరి భూమిని మాత్రమే సాగులోకి తెచ్చి, దాన్ని ఆ పంటకాలానికి రైతులందరూ తమ వాటాల మేరకు పంచుకుంటారు. కొందరికి పూర్తి పంట, కొందరికి పూర్తి నష్టం అనే స్థితి తప్పుతుంది.

ఈ సమావేశం ముందుకు చెరువు నీటిమట్టంతో పాటు నేల తేమ వివరాలూ వస్తే నిర్ణయం మెరుగవుతుంది. నవంబరు మధ్యకు వేరు మండలపు తేమ 20వ పర్సెంటైల్ దిగువన ఉందని తెలిస్తే, నాలుగు నెలల వరికి బదులు మూడు నెలల రకం వేయవచ్చు. వరి మాని రెండు నెలల్లో చేతికొచ్చే పెసర వేయవచ్చు. ముందే బెత్మకు సిద్ధపడవచ్చు. ప్రభుత్వానికి కూడా బియ్యం దిగుమతి, తాగునీటి ట్యాంకర్లు, ఉపాధి పనుల ఏర్పాటుకు వ్యవధి దొరుకుతుంది.

బీమాలోనూ దీని అవసరం పెరుగుతోంది. వర్షమాపకం ఆధారంగా పరిహారం నిర్ణయించినప్పుడు, కేంద్రం దగ్గర వాన పడి చేనులో పడకపోతే రైతు నష్టపోతాడు. నేల తేమ సూచిక ఆ తేడాను కొంత తగ్గించగలదు. అయితే 36 కిలోమీటర్ల గడిని నమ్మి పరిహారం నిరాకరిస్తే పాత అన్యాయమే కొత్త రూపంలో వస్తుంది. అందుకే ప్రతి ప్రధాన నేల రకంలోనూ క్షేత్ర సెన్సర్లు ఉండి, ఉపగ్రహ కొలతను ఎప్పటికప్పుడు సరిచూడటం తప్పనిసరి.

భారత్‌తో ముడిపడిన అంశాలు

ఈ రంగంలో కొత్త ఆశ తెలుగు నేల నుంచే నింగికెగిసింది. ఇస్రో, నాసా ఉమ్మడిగా రూపొందించిన ‘నిసార్’ ఉపగ్రహాన్ని 2025 జులై 30న తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 వాహకనౌక కక్ష్యలోకి చేర్చింది. ఎల్-బ్యాండ్, ఎస్-బ్యాండ్ అనే రెండు తరంగదైర్ఘ్యాల రాడార్లు ఇందులో ఉన్నాయి. 12 రోజులకోసారి ఇది అదే కక్ష్యామార్గంలో అదే ప్రాంతాన్ని మళ్లీ చిత్రీకరిస్తుంది. 200 మీటర్ల స్పష్టతతో నేల తేమను అంచనా వేయడం దాని లక్ష్యాల్లో ఒకటి. 36 కిలోమీటర్ల గడిలో కలిసిపోయిన తీరగ్రామాన్ని, చెరువును, మెట్ట చేనును వేరుచేసి చూడటానికి ఈ స్పష్టత తోడ్పడుతుంది. 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచే ప్రయోగించిన ‘ఈఓఎస్-04’ రాడార్ ఉపగ్రహం ఉపయోగాల్లోనూ నేల తేమ పరిశీలన ఉంది.

కరవు ప్రకటనలో నేల తేమకు భారత్ అధికారిక స్థానం కల్పించింది. కేంద్ర ప్రభుత్వ 2016 కరవు నిర్వహణ కరదీపిక ప్రకారం వర్షాభావం నిర్ధారణయ్యాక పరిశీలించే ప్రభావ సూచికల్లో నేల తేమ ఒకటి. అందుబాటులోని తేమ 76 నుంచి 100 శాతం మధ్య ఉంటే కరవు లేనట్లు. 51 నుంచి 75 అయితే స్వల్పం, 26 నుంచి 50 అయితే మోస్తరు, 25 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండలాల కరవు ప్రకటనల్లో పరిశీలించే సూచికలకు మూలం ఈ కరదీపికే. ఈశాన్య రుతుపవనాన్ని శ్రీలంకతో పంచుకునే నెల్లూరు, తిరుపతి జిల్లాలకు అక్కడి అనుభవం మరింత దగ్గరిది.

అయితే అన్ని దీవులకూ ఒకే పద్ధతి సరిపోదు. లక్షద్వీప్ మొత్తం భూభాగం 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. లక్షద్వీప్, మాల్దీవుల పగడపు దీవులు ముతక ఉపగ్రహ గడుల్లో కనిపించనే కనిపించవు. అక్కడ ఇసుక కింద, ఉప్పునీటిపై తేలియాడే పలుచని మంచినీటి పొరే జీవాధారం. కరవును పసిగట్టాలంటే ఆ పొర మందాన్ని, బావి నీటి ఉప్పదనాన్ని కొలవాలి.

శ్రీలంక వంటి పెద్ద ద్వీపంలో మాత్రం నేల తేమ పరిశీలన కరవును ఆపలేకపోయినా, అది వస్తున్న సంగతిని పైరు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే చెప్పగలదు. ఆ కబురు కన్న సమావేశానికి, హేన రైతుకు, కూలి కుటుంబానికి నాటు గడువు దాటకముందే చేరినప్పుడే ఆకాశం నుంచి తీసిన కొలతకు నేలపై విలువ.